తూ యుంగ్‌షాన్ సంతకాలు కొనేవాడు

బేరమాడకుండా కొనే మనిషిని వాన్‌రు ఎప్పుడూ నమ్మదు.

చియాయిలో ఆదివారాలు పాత సామాన్ల సంత జరుగుతుంది. టిఫిన్ దుకాణం కట్టేసి, పెనాలు తోమేశాక ఆమె కాసేపు అటు వెళ్ళివస్తుంది. ఆ రోజు ఒక దుకాణదారు ముందు మూత లేని టీ కూజాలు, ఆగిపోయిన గడియారాలు, వాటి పక్కన ప్లాస్టిక్ బుట్ట నిండా పాత బేస్‌బాల్ బంతులు ఉన్నాయి. పైనున్న బంతి మీద వాళ్ళ నాన్న సంతకం కనిపించింది.

ఎప్పటిలాగే చుట్టూ ఒకసారి చూసి, ఆ బంతిని అటు తిప్పి సంతకం కనపడకుండా పెడదామని చెయ్యి చాపింది. అంతలో ఇంకో చెయ్యి వచ్చి దాన్ని ఎత్తుకుపోయింది.

"ఇదెంతండీ?" అన్నాడా యువకుడు. పొడుగ్గా, కాస్త వంగి ఉన్నాడు. వేళ్ళకి గోధుమరంగు మరకలు.

"రెండొందల యువాన్లు," అన్నాడు దుకాణదారు, యాభైకైనా పోతే చాలన్న మొహంతో.

అతను రెండొందలూ తీసి ఇచ్చేశాడు. "ఈయనవి ఇంకేమైనా ఉన్నాయా?"

"తూ యుంగ్‌షాన్‌వా?" దుకాణదారు అతన్ని కిందా మీదా చూశాడు. "ఇంటి దగ్గర ఒకటుండాలి. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాం."

"తలుపు సంగతి తర్వాత చూసుకుందురు గానీ, అది నాకివ్వండి."

వాన్‌రు ఉండబట్టలేక అడిగేసింది. "దాంతో ఏం చేసుకుంటారు? ఆయనవి ఎవరూ కొనరు కదా."

"అందుకే కొంటున్నానండీ. పోటీ ఉండదు," అని అతను నవ్వాడు.

ఆమె నవ్వలేదు. అతను జనంలో కలిసిపోయేదాకా వీపు వైపే చూస్తూ నిలబడింది.

తూ యుంగ్‌షాన్ అంటే ఒకప్పుడు పిల్లల దగ్గర్నుంచి తాతల దాకా ఆ ఊళ్ళో అందరికీ మోజు. క్రేన్స్ బేస్‌బాల్ జట్టుకి ఎడమచేత్తో బంతి విసిరే పిచర్. బ్యాటు దాకా బుద్ధిగా వచ్చిన బంతి ఆఖరి క్షణంలో మోకాళ్ళ కిందికి జారిపోయేది. కొట్టేవాడు గాలిని కొట్టి తన బ్యాటునే అనుమానంగా చూసుకునేవాడు. ఆట అయ్యాక యుంగ్‌షాన్ గేటు దగ్గరే నిలబడి, వరసలో చివరి మనిషి దాకా సంతకాలు పెట్టేవాడు. బస్సు డ్రైవరు హారన్ కొట్టినా కదిలేవాడు కాదు.

వాన్‌రుకి పదేళ్ళప్పుడు జూదగాళ్ళు ఆటగాళ్ళకి డబ్బిచ్చి కావాలని ఓడిపోయేలా చేస్తున్నారని గొడవ లేచింది. క్రేన్స్ జట్టులో కొందరిని పోలీసులు పిలిచారు. యుంగ్‌షాన్‌నీ పిలిచి ఒక పగలూ ఒక రాత్రీ కూర్చోబెట్టి అడిగి, ఏమీ దొరక్క పంపేశారు. ఆయన టోపీతో మొహం కప్పుకుని లోపలికి వెళ్ళిన ఫొటో పత్రికల్లో వచ్చింది గానీ బయటికొచ్చిన ఫొటో ఎవరూ వేయలేదు. జట్టు ఆయన్ని వదిలించుకుంది. నిప్పు లేనిదే పొగ రాదని ఊరంతా అనుకుంది. వేలు పలికిన సంతకాలు బుట్టల్లోకి చేరాయి.

అప్పట్నుంచి తండ్రీకూతుళ్ళు టిఫిన్ దుకాణం నడుపుకుంటున్నారు. తల్లి అంతకు ముందే పోయింది. ఆ గొడవ గురించి ఆయన ఒక్క మాటా చెప్పలేదు. ఆమె ఒక్క మాటా అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

మర్నాడు పొద్దున్నే సంతలో కనిపించిన ఆ మనిషి దుకాణం ముందు ప్రత్యక్షమయ్యాడు.

"ఏం కావాలి?" అంది వాన్‌రు, గరిటె కిందపెట్టకుండా.

"గుడ్డు రొట్టె ఒకటి, సోయాపాలు. తీపి తక్కువ."

"తీపి తక్కువ కావాలంటే ఆస్పత్రి క్యాంటీనుకి వెళ్ళండి."

"అందరితోనూ ఇలాగే మాట్లాడతారా?"

"లేదు. బేరమాడని వాళ్ళతోనే."

అతను బుద్ధిగా మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. పేరు అడిగితే కాంగ్ హాన్‌షెంగ్ అన్నాడు. బేస్‌బాల్ గ్లవ్స్ తెగిపోతే కొత్త తోలుతాళ్ళు వేసి కుడతాడట, స్టేడియం వెనక సందులో చిన్న కొట్టుందట. వేళ్ళ మీది మరకలు ఆ తోలు రంగువన్నమాట. అతని చూపు మాత్రం పెనం ముందు నిలబడ్డ నాన్న ఎడమచేతి మీదే ఉంది.

యుంగ్‌షాన్ వెనక్కి తిరిగి చూడనైనా లేదు. కానీ రొట్టె పళ్ళెంలోకి వచ్చేసరికి అందులో రెండు గుడ్లున్నాయి.

"నాన్నా, అతను ఒక గుడ్డుకే చెప్పాడు."

"చెయ్యి జారిందమ్మా."

అంగుళం తేడా రాకుండా బంతి విసిరిన చెయ్యి గుడ్డు దగ్గర జారిందంటే వాన్‌రుకి నమ్మకం కలగలేదు.

హాన్‌షెంగ్ మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. వాన దంచికొడుతున్న పొద్దున కూడా జుట్టు నుంచి నీళ్ళు కారుతూ వచ్చి నిలబడ్డాడు.

"మీ సందులో టిఫిన్ దొరకదా?" అని అడిగింది ఆమె తువ్వాలు విసురుతూ.

"దొరుకుతుంది. తిట్లు దొరకవు."

ఆమె అటు తిరిగిపోయింది. నవ్వొస్తే అతనికి కనపడకూడదని అనుకుంది. నవ్వెందుకొచ్చిందో అదీ అనుమానంగానే ఉంది.

*

ఒక మధ్యాహ్నం ఆటగాళ్ళ కార్డులు, సంతకాలు అమ్మే షూ పిన్ని ఆమెను కొట్టులోకి పిలిచింది.

"ఏమే, మీ నాన్న సంగతేంటి? ఎవడో ఇంటర్నెట్లో ఆయన సంతకాలు దొరికినవి దొరికినట్టు కొనేస్తున్నాడు. మొన్నటిదాకా వందకి కూడా దిక్కులేని బంతి నిన్న పదిహేనొందలకి పోయింది. నా దగ్గరున్నవీ వాడే పట్టుకుపోయాడు."

"పొడుగ్గా, కాస్త వంగి ఉంటాడా? వేళ్ళకి మరకలు?"

"వాడే. నీకు తెలుసా?"

"టిఫిన్‌కొస్తాడు." వాన్‌రు గొంతు తగ్గించింది. "పిన్నీ, ఆటలు మానేసిన మనిషి సంతకానికి ధర ఎందుకు పెరుగుతుంది?"

షూ పిన్ని కాసేపు కార్డులు సర్దింది. "రెండే కారణాలే తల్లీ. ఏదైనా పెద్ద సన్మానం రాబోతుండాలి. లేదంటే..."

"లేదంటే?"

"సంతకం పెట్టే చెయ్యి ఇక ఎంతోకాలం ఉండదని ఎవడికో ముందే తెలిసుండాలి. అలా ముందు తెలుసుకుని కొని దాచేవాళ్ళున్నారు. మీ నాన్న కులాసాయేనా?"

వాన్‌రు వెంటనే బయటికి నడిచింది. నాన్నకి సన్మానం చేసేవాళ్ళు ఎవరూ లేరు. మంగళవారం మధ్యాహ్నాలు ఆయన ఎక్కడికో వెళ్ళివస్తున్నాడు. పార్కులో చదరంగమని చెబుతాడు. ఆమె నేరుగా పార్కుకి వెళ్ళింది. బల్లల దగ్గర ముసలాళ్ళు తలలెత్తారు.

"యుంగ్‌షానా? చలికాలం నుంచీ ఇటు రాలేదమ్మా. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం."

ఆ సాయంత్రం ఇంట్లో సొరుగులన్నీ వెతికింది. భుజం నొప్పికి అంటించుకునే పట్టీలు తప్ప ఏమీ దొరకలేదు. భోజనాల దగ్గర అడిగింది.

"నాన్నా, ఆస్పత్రికేమైనా వెళుతున్నావా?"

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా ఆస్పత్రికి వెళతారా?" అని ఆయన ముల్లంగి పులుసు ఆమె గిన్నెలో ఇంకాస్త వేశాడు. కళ్ళలోకి మాత్రం చూడలేదు.

ఇంట్లో నిజం బయటికి రాదని తేలిపోయింది. హాన్‌షెంగ్‌నే పట్టుకోవాలి. దానికామె ఒక ఉపాయం ఆలోచించింది.

స్కూల్లో మార్కుల కాగితం మీద నాన్న సంతకం పెట్టే విద్య ఆమెకి చిన్నప్పుడే వచ్చు. ఒక పాత బంతి సంపాదించి, దాని మీద జాగ్రత్తగా ఆ సంతకం పెట్టి, వేరే పేరుతో ఇంటర్నెట్లో అమ్మకానికి పెట్టింది. అన్నం ఉడికేలోపే జవాబొచ్చింది. రేపు మధ్యాహ్నం రైల్వే స్టేషన్ ముందు.

మర్నాడు మళ్ళీ వాన. వాన్‌రు మొహానికి మాస్కు, తలకి హెల్మెట్, పైన పసుపురంగు రెయిన్‌కోటు వేసుకుని స్టేషన్ చూరు కింద నిలబడింది. హాన్‌షెంగ్ స్కూటరు దిగి వచ్చాడు. బంతి తీసుకుని, వెలుతురు వైపు తిప్పి, ఎంతోసేపు చూశాడు.

"బాగుంది," అన్నాడు చివరికి. "కానీ ఆయన పెట్టింది కాదు."

"ఎలా చెబుతారు?" అంది ఆమె గొంతు మార్చి.

"ఆయన నిలబడి, తోపులాటలో, బస్సు హారన్ వింటూ పెట్టేవాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడేవి. దీన్ని కూర్చుని, నాలిక బయటపెట్టి, చాలా ప్రేమగా రాశారు." అతను బంతి తిరిగిచ్చాడు. "మీ నాన్న సంతకం మీరు పెట్టడం నేరం కాదనుకుంటా గానీ, అమ్మడం మాత్రం నేరమేనండీ."

వాన్‌రు మాస్కు కిందికి లాగింది. చెంపలు మండుతున్నాయి. "ఎప్పుడు గుర్తుపట్టారు?"

"స్కూటరు ఆపకముందే. ఈ ఊళ్ళో నన్ను అంత కోపంగా చూసేది మీరొక్కరే."

"సరే, దొరికిపోయాను. ఇప్పుడు మీ వంతు. ఎవరి కోసం కొంటున్నారు?"

"చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికి?"

"అది చెబితే చెప్పినట్టే కదా."

అతను గడియారం చూసుకున్నాడు. సముద్రం ఒడ్డున తుంగ్‌షీలో ఒక ముసలావిడ దగ్గర సంతకం ఉన్న టోపీ ఉందట, ఆలస్యమైతే ఆవిడ పడవల దగ్గరికి వెళ్ళిపోతుందట. ఆ మాట పూర్తయ్యేలోపే వాన్‌రు అతని స్కూటరు వెనక ఎక్కి కూర్చుంది.

"ఇదేంటండీ?"

"మీరు ఏం కొంటారో, ఎవరికి ఫోన్ చేస్తారో నా కళ్ళతో చూస్తాను. పోనివ్వండి."

చేపల చెరువుల మధ్య గట్టు దారి. వాన పక్కనుంచి కొడుతోంది. పడిపోకుండా అతని రెయిన్‌కోటు అంచు రెండువేళ్ళతో పట్టుకుంది, మురికిగుడ్డని పట్టుకున్నట్టు. రోడ్డు మీద గుంటలు ఎక్కువయ్యేకొద్దీ వేళ్ళు రెండు చాల్లేదు.

చాలా దూరం వెళ్ళాక ఆమె అతని చెవి దగ్గర అడిగింది. "మా నాన్నకి ఎంత కాలం ఉంది?"

స్కూటరు గట్టు అంచున ఆగింది. అతను వెనక్కి తిరిగాడు. వాననీళ్ళు కారుతున్న మొహంలో రంగు లేదు.

"ఏమైంది ఆయనకి? ఎప్పుడు తెలిసింది? మొన్న మంగళవారం కూడా బాగానే..." అని ఆగిపోయాడు.

"మంగళవారమా?"

హాన్‌షెంగ్ ముందుకి తిరిగి హ్యాండిల్ సర్దుకున్నాడు.

"అంటే ఆయనకి జబ్బేమీ లేదా?"

"నాకు తెలిసి భుజం నొప్పి తప్ప ఏమీ లేదండీ. మీకెవరు చెప్పారు?"

ఆమె మొహం మీది వాననీళ్ళు తుడుచుకుంది. ఒక్కసారిగా ఏడుపొచ్చింది, దాని వెనకే ఒళ్ళు మండింది. జబ్బు లేదు, బాగానే ఉంది. మరి మంగళవారాలు వీళ్ళిద్దరూ కలిసి చేసేదేంటి? మళ్ళీ ఏ జూదగాళ్ళ వ్యవహారమో అన్న ఆలోచన తటాలున వచ్చింది. పదేళ్ళ వయసు నుంచీ తన లోపల కూర్చున్న అనుమానమే అది. దాని గొంతు విని తనే సిగ్గుపడింది.

"పదండి," అంది. "టోపీ సంగతి చూద్దాం."

*

వెంగ్ అవ్వ రేకుల షెడ్డులో ఆల్చిప్పలు ఒలుస్తోంది. కత్తి మొనతో ఒక్క తిప్పు తిప్పితే చిప్ప విచ్చుకుంటోంది. టోపీ మాట ఎత్తేసరికి తల ఎత్తకుండానే అంది.

"అమ్ముతానని ఫోనులో పెట్టింది మా మనవరాలు. నేను కాదు. ఇంతదూరం వచ్చారు, టీ తాగి వెళ్ళండి."

"రెండువేలు ఇస్తాం అవ్వా," అన్నాడు హాన్‌షెంగ్.

"ఐదువేలిచ్చినా అంతే."

వాన్‌రు అడగకుండా ఉండలేకపోయింది. "ఆయన డబ్బు తీసుకుని ఓడిపోయాడని అన్నారు కదా అవ్వా. ఇంకా ఎందుకు దాచుకున్నారు?"

కత్తి ఆగింది. "అన్నారు. మా వీధిలో అందరూ ఆయనవి చెరువులో పారేశారు. మా ఆయన కూడా పారేద్దామని బయల్దేరాడు. గట్టు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఎందుకయ్యా అంటే, 'వానలో మా అమ్మ వరసలో నిలబడితే ఆమెకి గొడుగు పట్టి మరీ సంతకం పెట్టాడే, ఆ మనిషి నన్ను మోసం చేశాడంటే ఆయన నోటితో వినాలి, పేపరువాడు చెబితే కాదు' అన్నాడు. వినకుండానే పోయాడు, పాపం." అవ్వ హాన్‌షెంగ్ వైపు తిరిగింది. "ఇంతకీ నువ్వెవరి తరఫున వచ్చావు? ఆ కొనేవాణ్ణే రమ్మను. మాట్లాడతాను."

"నేనూ అదే చెప్పానవ్వా. జనంలోకి రావడానికి మొహం చెల్లదంటాడాయన."

అన్నాక గానీ అతనికి తెలియలేదు తనేమన్నాడో.

షెడ్డు రేకుల మీద వాన మోగుతోంది. వాన్‌రు మెల్లగా చెక్కపీట మీద కూర్చుంది.

"మా నాన్నే కొనిపిస్తున్నాడు," అంది, ఎవరితోనూ కాదు.

హాన్‌షెంగ్ తలొంచుకున్నాడు. అవ్వ ఆమె మొహం వైపు తేరిపార చూసి, ఏమీ అడగకుండా, వేడి టీ గ్లాసు చేతిలో పెట్టింది.

*

దుకాణం తలుపు సగం దించి ఉంది. యుంగ్‌షాన్ మర్నాటి పిండి కలుపుతున్నాడు. తడిసిన బట్టలతో లోపలికొచ్చిన కూతుర్నీ, గుమ్మం బయటే నిలబడిపోయిన హాన్‌షెంగ్‌నీ చూసి ఆయన చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"అతను చెప్పలేదు. నోరు జారాడు," అంది వాన్‌రు. "నీ సంతకాలు నువ్వే ఎందుకు కొంటున్నావు నాన్నా?"

ఆయన పిండిలోంచి చేతులు తీసి బల్ల అంచున ఆనుకున్నాడు.

"సంవత్సరం కిందట సంతకి వెళ్ళాను, పాత పెనం ఏదైనా దొరుకుతుందని. నువ్వు ఒక బుట్ట దగ్గర నిలబడి ఉన్నావు. పలకరిద్దామనుకున్నాను. ఇంతలో నువ్వు అటూ ఇటూ చూసి నా బంతిని బోర్లా తిప్పేశావు. పక్క కొట్టు దగ్గరా అదే పని చేశావు." ఆయన పిండి గిన్నె పక్కకి జరిపాడు. "నా పేరు దాచుకుంటూ తిరుగుతోంది నా కూతురు, అనిపించింది. అవి బజార్లో ఒక్కటీ లేకపోతే నువ్వు తలెత్తుకుని నడుస్తావు కదా అనుకున్నాను. నేను వెళ్ళి కొంటే నవ్వుతారు. గ్లవ్ బాగుచేయించుకుంటూ ఈ అబ్బాయితో స్నేహమైంది. అడిగాను. మంగళవారాలు వాళ్ళ కొట్టుకి వెళ్ళి, వచ్చినవి తుడిచి సర్దుకుంటాను."

వాన్‌రు తడి రెయిన్‌కోటు విప్పి కుర్చీ మీద పడేసింది. ఇన్నేళ్ళూ అడగని మాట అప్పుడడిగింది.

"నాన్నా, నువ్వు డబ్బు తీసుకున్నావా?"

"లేదమ్మా," అన్నాడాయన. అంతే.

"మరి నాకెందుకు చెప్పలేదు? ఒక్కసారైనా?"

"అడగకుండా చెబితే, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది. పోలీసులు అడిగారు, చెప్పాను. ఊరు అడగలేదు, తనే తేల్చేసుకుంది. నువ్వు అడుగుతావని చూశాను. పదిహేడేళ్ళు చూశాను. నువ్వూ తేల్చేసుకున్నావేమో అనుకున్నాను."

"తేల్చుకోలేదు నాన్నా. భయపడ్డాను."

ఆయన పిండి చేతులతోనే ఆమె తల దగ్గరికి తీసుకున్నాడు. గుమ్మం దగ్గర హాన్‌షెంగ్ చప్పుడు చేయకుండా తలుపు పూర్తిగా దించి, వానలోకి వెళ్ళిపోయాడు.

*

తర్వాతి మంగళవారం దుకాణం మూసి ముగ్గురూ తుంగ్‌షీ వెళ్ళారు. షెడ్డు ముందు యుంగ్‌షాన్ మొదటిరోజు బడికొచ్చిన పిల్లాడిలా నిలబడిపోయాడు.

వెంగ్ అవ్వ ఆయన్ని ఎగాదిగా చూసింది. "తీసుకున్నావా?"

"లేదు పిన్నీ."

"సరే. మా ఆయన ఫొటో లోపల గోడకుంది. ఆ మాట ఆయనకీ చెప్పిరా."

యుంగ్‌షాన్ లోపలికి వెళ్ళాడు. కాసేపటికి ఎర్రబడ్డ కళ్ళతో బయటికొచ్చాడు. అవ్వ ఆయన ఎడమచేతిలో కత్తి పెట్టి పక్కన కూర్చోబెట్టింది. ఒలవాల్సిన ఆల్చిప్పలు చాలా ఉన్నాయి. చూస్తుండగానే వీధిలో నలుగురు చేరారు. ఒకాయన ఆ రోజుల్లో బంతి చెరువులో పారేశానని, ఇంకో సంతకం చేసిస్తారా అని మొహమాటంగా అడిగాడు. యుంగ్‌షాన్ చేతులు తుడుచుకుని కలం కోసం వెతుక్కున్నాడు.

వాన్‌రు, హాన్‌షెంగ్ షెడ్డు పక్కనే గట్టు మీద నిలబడ్డారు. వాన తెరిపిచ్చింది గానీ సముద్రపు గాలి చల్లగా కోస్తోంది.

"ఇక అనుమానాలన్నీ తీరినట్టేనా?" అన్నాడతను.

"ఒకటి మిగిలింది. నాన్న కోసం కొనడం సంతల్లో, ఇంటర్నెట్లో అయిపోతుంది. మా దుకాణానికి రోజూ ఎందుకొచ్చారు? నా మీద కన్నేసి ఉంచమని ఆయన చెప్పారా?"

హాన్‌షెంగ్ చెవులు ఎర్రబడ్డాయి. జవాబు షెడ్డులోంచి వచ్చింది.

"నేను రావద్దన్నాను," అన్నాడు యుంగ్‌షాన్, సంతకం మీంచి తల ఎత్తకుండా. "నువ్వు పసిగడతావని రెండుసార్లు చెప్పాను. వింటేగా. సంతలో ఎవరో అమ్మాయి తనని దొంగని చూసినట్టు చూసిందని, ఆ అమ్మాయి ఎవరని ఆ రాత్రే ఫోన్ చేసి నన్నే అడిగాడు. ఏం చెప్పమంటావు? మా అమ్మాయే అన్నాను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అవ్వ అందరికంటే ఎక్కువ నవ్వింది.

"నిజమేనా?" అంది వాన్‌రు.

"నిజమేనండీ," అన్నాడు హాన్‌షెంగ్ సముద్రం వైపు చూస్తూ. "మొదటిరోజు చూడ్డానికే వచ్చాను. రెండోరోజు తిట్టించుకోడానికి. ఆ తర్వాత రాకపోతే ఏమీ తోచేది కాదు. మీకిష్టం లేకపోతే రేపట్నుంచి రాను."

ఆమె అతని మొహంలోకి పరకాయించి చూసింది. ఎంత వెతికినా అబద్ధం దొరకలేదు. అలవాటు చొప్పున ఇంకోసారి వెతికింది.

"నాన్నా," అని కేకేసింది, అతని మీంచి చూపు తిప్పకుండా, "ఇతన్ని నమ్మొచ్చంటావా?"

"నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. నమ్మొచ్చు."

గాలి మళ్ళీ విసురుగా వచ్చింది. హాన్‌షెంగ్ పల్చటి చొక్కాలో వణికాడు. వాన్‌రు తన మెడలోని మఫ్లరు తీసి అతని మెడకి చుట్టి, ముడి గట్టిగా బిగించింది.

"ఇలా వణుకుతూ నిలబడతావేంటి?" అంది. "రా, లోపల అవ్వ పెట్టిన గంజి కాగుతోంది."

మొదటిసారి ఆమె అతన్ని 'నువ్వు' అంది. అది ఆమె కన్నా ముందు అతనికే వినిపించింది.